తోడు

నీళ్ళు కాగిన ప్రతిసారీ మా కెటిల్ అడుగున
తెల్లగా సున్నప్పొర మిగులుతుంది.
స్విండన్ నీళ్ళు గట్టివి.
చేపలు కొనబోయేదాకా
నాకది టీ రుచికి సంబంధించిన సంగతే.

అద్దె కాగితంలో జంతువులు కూడదని ఉంది.
ఏజెంటుకు ఫోన్ చేశాను.
"బొచ్చుందా?" అన్నాడు.
లేదన్నాను.
"మొరుగుతుందా?"
కాస్త ఆలోచించి, లేదన్నాను.

యాభై నాలుగు లీటర్ల తొట్టి.
ఇంకా చిన్నదైతే చవక, చోటూ కలిసొస్తుందనుకున్నాను గానీ
దుకాణంలో గ్లెనిస్ తల అడ్డంగా ఊపింది:
"చిన్న తొట్టిలో చిన్న తప్పు కూడా పెద్దదే."
గాజుగిన్నెలో గోల్డ్‌ఫిష్ అడిగితే
వేళ్ళ కొస నుంచి మోచేతి దాకా కొలిచి చూపించింది,
పెరిగితే ఎంతవుతుందో.
నియాన్ టెట్రాలు, ఆ నీలిగీతలు,
మెత్తటి నీళ్ళవట. మా కెటిల్ వాటికి పడదు.
మూలన ఒంటరి ఫైటర్ ఫిష్
కుచ్చెళ్ళు సర్దుకుంటూ
మాకేసి చూడనైనా చూడలేదు.

"గప్పీలు తీసుకో. ఆరు. అన్నీ మగవే ఇస్తాను.
సున్నపు నీళ్ళంటే వాటికి ప్రాణం.
కానీ ఈవేళ కాదు."
డబ్బు చేతిలో పట్టుకుని నీళ్ళు నమిలాను.
"నీ నీళ్ళింకా పచ్చివి" అంది.
లోపలికెళ్ళి, తన ఫిల్టర్‌లోంచి
గోధుమరంగు స్పాంజి ముక్క కోసి
తడి సంచిలో కట్టిచ్చింది.

రాత్రి డ్యూటీకి జడ వేసుకుంటున్న వకుళ
ఒక్కసారి వాసన చూసి
"ఓహో, తోడా!" అంది,
పక్కింట్లోంచి గరిటెడు పెరుగు తెచ్చానన్నట్టు.

పాలైతే తెల్లారేసరికి తోడుకుంటాయి.
నీళ్ళకు ముప్ఫై నాలుగు రోజులు.
చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు.
అక్కర్లేదు.
నీళ్ళకే నేర్పాలి, చేపని.

ఖాళీ తొట్టికి పొద్దున లైటు వేసి రాత్రి ఆర్పాను.
చుక్కలు లెక్కపెట్టి అమ్మోనియా పోశాను.
గాజుగొట్టం ఎత్తి రంగు చూశాను:
ఆకుపచ్చ, ఆకుపచ్చ, మళ్ళీ ఆకుపచ్చ,
తర్వాత ఇంకో గొట్టంలో ఊదా,
ఎన్నాళ్ళకీ దిగిరాని ఊదా.
కింది ఫ్లాటు ఒకాఫోర్ గారు వచ్చి
కుర్చీ లాక్కుని అయిదు నిమిషాలు తదేకంగా చూసి
"మీ చేపలకు సిగ్గెక్కువ" అన్నారు.
నేను దిద్దలేదు.

ఇరవై రెండో రోజు
మొక్క వేరులో దాక్కుని వచ్చిన నత్త ఒకటి
ఆవగింజంత, గాజు మీద కనబడింది.
నేనిన్ని కొలతలు కొలుస్తుంటే
అది కొలవకుండానే కాపురం పెట్టేసింది.

గొట్టం పసుపైన రోజు
ఆరు గప్పీలు, బస్సులో, నా కోటు లోపల.
సంచి నీళ్ళమీద తేలుతూ ఇరవై నిమిషాలు.
తర్వాత మా హాల్లో
మొదటిసారిగా
ఎవరో అటునుంచి ఇటు చూశారు.

అయిదుగురికి తోకలు రంగులు తిరిగాయి.
ఆరోవాడు బూడిదరంగులోనే ఉండిపోయాడు.
తిండి ఎక్కువైందేమోనని
చిటికెడులో సగం తగ్గించాను.
ఒకనాడు ఉదయం ఎనిమిదికి
ఆసుపత్రి బ్యాడ్జి మెళ్ళో ఉండగానే
వకుళ తొట్టి ముందు వంగింది.
పన్నెండేళ్ళుగా మిడ్‌వైఫ్ ఆమె.
"మగవాడా? ఎవరన్నారు?
నీళ్ళోసుకుని నెల నిండింది."
బూట్లు విప్పకుండా అక్కడే చతికిలబడింది.
నీళ్ళలోనే నీళ్ళాడింది గప్పీ,
కామా అంత పిల్లలు, కళ్ళే ఎక్కువ, ఒళ్ళు తక్కువ.
ఒకటి, రెండు, నాలుగు, పదకొండు.
అలవాటు కొద్దీ వకుళ
అరచేతి వెనక పెన్నుతో టైము రాసుకుంది: 8.10.
"రాత్రంతా అక్కడ ముగ్గురు,
ఇంటికొస్తే పదకొండు మంది" అని
గోడకానుకుని అలాగే నిద్రపోయింది.

సున్నపు నీళ్ళు ఇలా పొంగితే
యాభై నాలుగు లీటర్లు ఏం సరిపోతాయి?
గ్లెనిస్ నవ్వలేదు. క్షమాపణా చెప్పలేదు.
"తొట్టి ఉన్నవాళ్ళెవరో వెతుక్కో" అంది.

ఆదివారం, స్పాంజి మూల కత్తిరించి
గిన్నెలో పట్టుకుని కిందికి దిగాను.
మెట్ల మీద నీటిచుక్కలు.
ఒకాఫోర్ గారి కొత్త తొట్టి
ఖాళీగా వెలుగుతోంది.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
"మీ చేపలకు సిగ్గెక్కువ" అన్నాను.