కట్టిన కాయ

దసరా దాటి పదకొండొద్దులు.
గట్టుప్పల్‌ల ఎండ ఇప్పుడు మెత్తవడ్డది.
ఒరుగులకు ఇదే అదను అంటది అండాలు,
మాడ్వనియ్యదట, కుళ్లనియ్యదట.

మగ్గం గుంటల కాళ్లు వెట్టి కూసున్న నాకు
కిటికీలకెల్లి పెరడంత కనవడ్తది.
ముందు ఆమె చెయ్యి, ఎనక తీగ,
ఇంక ఎనక ఎవ్వరికీ పనిలేని ఆకాశం.
పొద్దంత ఆసు పోసిన చెయ్యే అది,
పొద్దుగూకంగ గోకరకాయల ఈనెలు తీస్తది.
భుజం గుంజుతుందా అంటె
కాయలు ముదురుతున్నయ్ అంటది.

పనికిరాని పడుగు పోగులు,
ఎర్రయి, నల్లయి, రంగు సరిగ పట్టనియి,
అన్నీ అడిగి తీస్కపోతది.
సూదికెక్కించి కాయలు గుచ్చి చూరుకు కడ్తది.
మొన్న చీరెలకొచ్చిన సావుకారి
మడత ఇప్పకముందే వాటినే చూసిండు.
"ఇవి ఎట్లిస్తరు?" అన్నడు.
అండాలు నవ్వలే.

టమాటలు ఎండేది మాత్రం ఒక చీరె మీద.
పద్నాలుగేండ్ల కింద నేను చిటికి తప్పి కట్టింది.
అంచు పొడుగునా ఏనుగులు,
ఒక్కో ఏనుగుకు మూడే కాళ్లు.
ఎవ్వరూ కొనలే. చింపబుద్ధి కాలే.
ఏటేటా టమాట రసం ఇంకి ఇంకి
ఏ కాలు తక్కువో ఇప్పుడు నాకే ఆనదు.

సావణంల తీగ మొదట్ల కాసిన బీరకాయను చూపెట్టి
"దీనికి నువ్వే కట్టు, నీ ముడి ఊడది" అన్నది.
ఎర్ర పోగుతోని తొడిమెకు మూడు చుట్లు చుట్టిన.
రంగు తాకొద్దన్న కాడ మేం కట్టేది దారమే,
కట్టిన కాడ తెలుపు మిగుల్తది.
కత్తి తాకొద్దన్న కాయకూ
అదే కట్టు.

మంగళారం మాపటీలి గుట్ట దిక్కుకెల్లి కోతులు దిగినయ్.
ఇరవయ్యో, ముప్పయ్యో, లెక్కవెట్టే తీరిక ఎవరికుంది!
అండాలు కట్టె అందుకునేసరికి తట్టలు బోర్లవడ్డయ్.
నేను గుంటలకెల్లి మోకాళ్లు తీసుకొని లేసేసరికి
ముసలి కోతి ఒకటి చీరెను ఈడ్సుకపోయి
కానుగ కొమ్మల మీద పరిసింది.
ఏనుగులన్నీ తలకిందులు.

కట్టిన కాయ మన్నుల పడి ఉన్నది.
సగం కొరికి, పీసు నోటికి తగిలి, ఉమ్మేసింది.
ఎండింది కోతికెందుకు?
తొడిమెకు దారం అట్లనే ఉంది.

అండాలు అక్కడ్నే కూలవడ్డది.
తిడ్తదనుకున్న, ఏడుస్తదనుకున్న.
కొంగు పరిసి ఒక్కో నల్ల గింజ ఏరవట్టింది.
యాభై మూడు. మల్ల ఎంచింది, యాభై రెండు.
"ఒక్కటి నా లెక్కల తప్పింది" అని
చీకటి పడెదాంక మన్ను గెలికింది.
పొయ్యి బూడిద కలిపి, చీరె పేలికల మూటగట్టి
దూలానికి చెక్కింది.
అందులకెల్లి ఏడు గింజలు
మర్రిగూడెంల ఆమె మరదలు సుగుణకు పోయినయ్,
అవి నన్నడిగి పోలే.

చూరుకున్నయి చూరుకే ఉన్నయ్,
కోతుల కంటవడనియి, మూడు దండలు.

ఇప్పుడు వైశాఖం.
అంగట్ల ఏం కొనవోయినా చెయ్యి కాలుతుంది.
రాత్రి గోకర ఒరుగులు నానేసి
పొద్దున ఎల్లిగడ్డ కారమేసి ఏంచింది.
జొన్నరొట్టెల పెట్టుకుంటె
ఆ ఆశ్వీజం ఎండే, ఇంత ముదిరి,
పంటికింద కరకరమన్నది.
రెండో ముద్దల ఏదో అడ్డం తగిలింది.
తీసి చూస్తె పోగు ముక్క. ఎర్రది.
ఉడికినా రంగు దిగలే.

పళ్లెం అంచుకు పెట్టిన.
అండాలు ఒంగి చూసింది,
"సావుకారికి చెప్పరాదు,
రంగు గట్టిదని" అన్నది.