వరసలో బిందె

వ్యాసర్పాడిలో మా వీధికి నీళ్ల లారీ
ఎప్పుడొస్తుందో లారీకే తెలియదు.
అయినా తెల్లారకముందే
బిందె తీసుకెళ్లి వరసలో పెట్టి వస్తాను.
ఇంట్లో నేను బియ్యం కడుగుతూ ఉంటే
నా బదులు అది నిలబడుతుంది.

నోటుబుక్కులో అన్న పేరు రాయడమూ అంతే.

జెకర్యా.
దేవుడు జ్ఞాపకం చేసుకున్నాడు అని అర్థమట.
పోయేముందు స్టాన్లీ ఆస్పత్రి మంచం మీద
అమ్మ కమ్మలు తీసి వదినకిచ్చింది,
నాకు వాడి పేరు ఇచ్చింది.
"మోసినంత మోశాను, ఇక నువ్వు పట్టుకో" అంది.
పందొమ్మిదేళ్లు. ఏడు నోటుబుక్కులు.
ఉద్యోగం వచ్చినవాళ్ల పేర్లు కొట్టేశాను,
కడుపు పండినవాళ్లవి, జ్వరం తగ్గినవాళ్లవి,
కొన్ని ఏడుస్తూ కొట్టేశాను.
వాడి పేరు మాత్రం
పాత పుస్తకం చివరి పేజీలోంచి
కొత్తదాని మొదటి పేజీకి
సామాను సర్దుకుని అద్దెవాడిలా మారుతూనే ఉంది.

తప్పు వాడిదే అనను.
నాన్న మురుగు గోతిలోకి దిగి
తాడు ఒక్కటే పైకొచ్చిన వారం
కాసిమేడు సమాధుల దగ్గర
అయ్యగారు "దేవుని చిత్తం" అన్నారు.
అన్న పిడికెడు మట్టి తీసుకున్నాడు,
వెయ్యలేదు. జేబులో పోసుకుని వెళ్లిపోయాడు.
మర్నాటి నుంచి నల్లచొక్కా.
ఆ మాట నాకూ గొంతు దిగలేదు ప్రభువా,
నీకు తెలుసు.
నేను నోట్లో పెట్టుకుని లోపలే కూర్చున్నాను,
వాడు బయటికెళ్లి ఉమ్మేశాడు.
అంతే తేడా.

ప్రతి ఆదివారం మోపెడ్ మీద
చర్చి గేటు దాకా దింపుతాడు,
ఎదురుగా టీ కొట్లో పేపరు చదువుకుంటాడు.
"మీ దేవుడు ఫోన్ ఎత్తాడా ఈ వారమైనా?"
"రింగవుతోందన్నా" అంటాను.
వాన పడితే గేటు దాటి వస్తాడు,
నా చెప్పులు చూరు కిందికి జరిపి
మళ్లీ వెళ్లిపోతాడు.
మెట్టు దాకా వచ్చాడని
కళ్లు మూసుకునే చూస్తాను.

మొన్న బండి దిగాక,
తాళం గిర్రున తిప్పుతూ, నా మొహం చూడకుండా,
"సెల్వం కూతురికి డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయట.
నాకేం నమ్మకం లేదు.
నువ్వెలాగూ రాస్తావుగా, ఆ పిల్లదీ రాయి.
మదివదని."
సరిగ్గా చెప్పన్నా, అంటే
ఇంకోసారి చెప్పాడు, అక్షరం అక్షరం ఒత్తి,
వెనకాల ఎవరో రాసుకుంటున్నట్టు.

వాడి పేరు పక్కన కాస్త చోటుంది.
అక్కడే రాశాను.

లోపల రెండో కీర్తన ఎత్తుకున్నారు.
కిటికీలోంచి చూస్తే
టీ కొట్టు షట్టరు వేసి ఉంది,
దాని ముందు మెట్టు మీద అన్న,
విప్పని పేపరు ఒళ్లో పెట్టుకుని
కూర్చునే ఉన్నాడు.