ఎడమ చెవి పాట

ఈ నెల నీకు నచ్చినవి ఏంటియని
సబీహా అడిగింది, బస్సు తిప్పర్తి దాటినంక.
కిటికీ సీటు తనది,
కిటికీలకెళ్ళి వచ్చే ఎండ మాత్రం నాది.
చెప్పుడు మొదలుపెట్టిన.
పోయిన నెల చెప్పినవి ఒక్కటీ ఇందుల లేవు,
నవ్వొద్దన్న.

పాటంటే, పేరు తెల్వదు.
ల్యాబుల రక్తం సీసాలకు చీటీలు అంటించుకుంట విన్న.
నా ఇయర్‌ఫోన్లల్ల కుడిది చచ్చిపోయి ఏడాదాయె,
అందుకే నాకొచ్చినవన్నీ ఎడమ చెవి పాటలే.
ఒక ఆడమనిషి గొంతు, ఎన్క సన్నగ డప్పు,
చరణం కాడ ఉత్త ఖాళీ,
పది అంకెలు లెక్కపెట్టేంత.
ఆ ఖాళీ అంటే నాకు మస్తు ఇష్టం.
ఆడ నేనే ఏదో ఒకటి పెట్టుకుంట:
రైలు గేటు పడ్డ చప్పుడు,
కండక్టర్ ఈల,
పొద్దుగాల అమ్మ బియ్యం చెరిగేటప్పుడు
చేట అనే మాట.

పుస్తకమంటే,
జిల్లా గ్రంథాలయంల ముక్కిన వాసనొచ్చేది ఒకటి.
అట్ట లేదు. రాసినోళ్ళ పేరు అట్టతోనే పోయింది.
కృష్ణల పడవ నడిపే ఒకామె కథ.
నూటపన్నెండో పేజీ అంచుకు ఎవరో పెన్సిల్‌తోటి
"ఈమె తప్పు జేసింది" అని రాసిన్రు.
దాని కింద ఇంకో చేతిరాత, నీలి ఇంకు:
"నువ్వైతే ఏం జేస్తుంటివి?"
కథ కన్న నాకు ఈ కొట్లాటే నచ్చింది.
నేను సుత ఓ మాట రాద్దామని పెన్ను దీస్తే
లైబ్రరీ సారు అద్దాల మీదికెళ్ళి చూసిండు.
మూసేసిన.
మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్న దాన్ని.
గడువు ముద్రలు మూడూ నాయే, ఒకదాని కింద ఒకటి.

బట్టలంటే, ఇగో, ఇదే.
మా నాయనమ్మ నారాయణపేట చీర,
వంకాయరంగు గడులు, ఎర్రంచు,
కొంగు పట్టి గుంజితే పర్రుమని చినుగుతది.
బాగున్న కాడికి కత్తిరించి
అండాలక్క కాడ కుర్తా కుట్టమన్న. జేబులు పెట్టమన్న.
"ఆడిపిల్ల డ్రెస్సుకు జేబెందుకే?"
నోట్లె గుండుసూదులు పెట్టుకునే అడిగింది.
"చేతులు పెట్టుకోనీకి."
రెండు రోజులు కోపమొచ్చి ముట్టలే.
మూడోనాడు కుట్టింది, ఎంత లోతంటే
మోచేతి దాక పోతది చెయ్యి.
పోయిన ఆదివారం చూసిన:
మిగిలిన పీలికతోటి
తన నైటీకి సుత ఓ జేబు కుట్టుకున్నది.
నేనేమన్లే. ఆమె సుత ఏమన్లే.

ఇంకా? అన్నది సబీహా.
ఇంకా అంటే, ఉప్పెయ్యని బత్తాయి రసం.
ఇటుకరంగు గోళ్ళ రంగు.
ల్యాబుల చేతులకు పెట్టుకోనియ్యరు,
కాలిగోళ్ళకే పెట్టుకుంట.
బూట్లల్ల ఎవ్వరికీ కనిపియ్యదు,
ఉన్నదని నాకు తెల్సు, చాలు.

"ఏదీ, పెట్టు నీ పాట" అని
తన ఇయర్‌ఫోన్లిచ్చింది. రెండూ పనిచేసేటివి.
చరణం కాడికి వచ్చింది.
నా ఖాళీల
ఇంకో ఆడమనిషి పాడుతున్నది.
ఇన్ని దినాలు కుడి దిక్కు నిలబడి
మొదటామెకు జవాబు చెప్తనే ఉన్నదంట.

బాగున్నది. అబద్ధమెందుకు, మస్తుగున్నది.
కానీ నా రైలు గేటును
ఇగ ఏడ పెట్టుకోవాలె?

కుడిది తీసి సబీహా చెవికి పెట్టిన.
నల్లగొండ క్లాక్ టవర్ వచ్చేదాక
ఒక్క పాటను ఇద్దరం చెరొక దిక్కు విన్నం.
దిగేటప్పుడు అడిగింది,
"మొదట్ల అంతసేపు ఏం లేదేందే నాదాంట్ల?"
"ఆడ నువ్వేం పెట్టుకున్నవ్?" అన్న.
చెప్పలే. చున్నీ సర్దుకుని నవ్వింది,
రోడ్డు దాటిపోయింది.

డ్యూటీ దిగినంక లైబ్రరీకి పోవాలె ఇయ్యాల.
పెన్సిల్ ముక్క ఒకటి
జేబు అడుగున ఎక్కడో ఉన్నది,
మోచేతి దాక పెడితే దొరుకుతది.