గోడల మొదట్ల

మౌలాలి కమాన్ దాటినంక
రెండో సందుల ఉంటది ఆ ఫంక్షన్ హాల్.
పగటిపూట చూస్తే ఏముండదు.
పొక్కులు లేచిన సున్నం,
ఏసీ కారి కారి గోడకు పడ్డ పాచి చార,
పోయిన పెండ్లి ఎవరిదో
థర్మాకోల్ మీద సగం పేరు.

నేను లైట్లోణ్ణి.
స్టేజీ మీది పెద్ద ఫోకసులు వీడియోవాళ్లవి.
నావి చిన్నవి, పాలగిన్నెలంత.
గోడ మొదట్ల ఎల్లెలుకల పండబెడ్తే
రంగు మెల్లగ గోడెక్కుతది.
ట్రూప్ బజార్ల పాత సరుకు ఇరవై రెండు కొన్న,
అండ్ల మూడు
తన్నితే గాని వెలగవు.

ఖాజా ఉస్తాద్ చెప్పిండు:
"గోడకు జానెడు దూరం.
మరీ దగ్గరైతే మచ్చ, దూరమైతే నీళ్ల చారు.
మరకున్నకాడ ఊదా పెట్టు, అన్నీ కప్పేస్తది.
బువ్వకాడ మాత్రం నీలం వద్దు బేటా,
నీలం పడ్డ బిర్యానీ ఎవ్వడు ముట్టడు."
నా చదువంత ఇంతే.
పదకొండేండ్ల సంది దీనితోనే బతుకుతున్న.

ఆ దినం రిసెప్షన్.
నీలం, గులాబీ అని
పిలగాని మేనమామ ముందే బయానా ఇచ్చిండు.
మూడుగొట్టంగ నేను వైర్లు పరుస్తుంటే
పెండ్లిపిల్లే వచ్చింది, సగం అల్లిన జడతోని.
గోడను చూసింది, నన్ను చూసింది,
మెహందీ చేతులెత్తి ఏందో చెప్పింది.
"ఏందమ్మా?" అన్న.
మళ్ల అన్న, ఇంకింత గట్టిగ.
హాలంత మోగింది నా గొంతు,
ఆమె దాంక మాత్రం పోలే.

టెంట్‌హౌస్ బిల్లు వెనకాల రాసిచ్చింది:
"అన్నా, మేము చేతులతోని మాట్లాడుకుంటం.
నీలంల వేళ్లు కనబడవు.
వెలుతురు లేకుంటేనే మేము మూగోళ్లం."
కింద సంతకం, అర్జీకి పెట్టినట్టు:
సంహిత.

గోడల మొదట్లకెల్లి పద్నాలుగు పీకిన.
కిందికెల్లి కొడితే వేళ్ల నీడలు మొఖం మీద పడుతున్నయ్.
వంటోళ్లను అడిగి టమాట డబ్బాలు తెచ్చి
ఒకదాని మీదొకటి, భుజమెత్తు పేర్చి
వాటి మీద కూసోబెట్టిన.
ఎరుపు నిండుగ, పచ్చ సగం, నీలం సున్న.
ఉడికిన కందిపప్పు రంగొచ్చింది.
నా చెయ్యి నేనే పెట్టి చూసుకున్న.
గోరు కింది మట్టి సుత కనబడ్డది.

రాత్రి మూడొందల మంది.
డీజే లేదు.
నా లైట్లల్ల చిన్న ఫ్యాన్లు గిర్రుమంటయని
ఆ రాత్రే విన్న.
నాలుగో టేబుల్‌కెల్లి స్టేజీ మీదికి
ఎవరో జోకు విసిరిండు, నడుమ అడ్డమేం లేదు,
పెండ్లిపిలగాడు దండ జారేదాంక నవ్విండు.
ఇద్దరు ఆడోళ్లు కొట్లాడుకున్నరు కూడ.
చేతులు ఎంత స్పీడుగ తిరిగినయంటే
నాకే అర్థమైంది, తప్పు ఎవరిదో.
ఇగ చాలనుకున్నామె
వెలుగుల నుంచి ఊదాలకు జరిగి నిలబడ్డది.

ఉంగరాలు మార్చుకున్నంక
నేను అలవాటుకొద్ది చప్పట్లు కొట్టిన.
ఒక్కణ్ణే.
అందరి చేతులు పైకి లేచి
గాలికి రావాకులు ఊగినట్టు ఊగుతున్నయ్.
గోడకు పోయే గులాబీ
దారిల ఆగి వాళ్ల వేళ్లకు అంటుకున్నది.
కొట్టిన చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక
కొంచెం ఆలస్యంగ నేనూ లేపిన.

పైసలకాడ మేనమామ రెండొందలు కోసిండు.
ఫోటోలల్ల గోడ మరక పడ్డదంట.
పడ్డది మరి. ఊదా చాల్లేదు.

వైర్లు చుట్టి, డబ్బాలు లెక్కబెడితే ఇరవై ఒకటి.
ఎతుక్కుంట వెనకకు పోయిన.
చేతులు కడిగేకాడ ఒకటి ఇంక వెలుగుతున్నది,
తన్నేదే, ఏమనిపించిందో దానికి.
దాని ముందట ఇద్దరు వడ్డించే పోరగాళ్లు
ఇయ్యాల నేర్చుకున్నదేదో
ఒకనికొకడు చేసి చూపించుకుంటున్నరు,
"ఇంకొంచెం" అనుకుంట,
వేళ్లు తప్పుపోతే దిద్దుకుంట.

ప్లగ్గు చేతుల పట్టుకోని
పీకకుండ
కొద్దిసేపు నిలబడ్డ.