రెండోసారి అడిగితే

శిక్షణలో మాకు మెట్ల బొమ్మ గీసి చూపించారు.
ఏడేళ్లలోపు పిల్ల ఫలానా మెట్టు మీద ఉంటుందని,
అవే నీళ్లు పొడుగు గ్లాసులోకి వంచితే
ఎక్కువయ్యాయంటుందని.
పది మార్కుల ప్రశ్న. నాకు పదీ వచ్చాయి.

కోటిపల్లి రేవులో పడవెక్కి
చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుక దాటి
లంకలో బడికి వెళ్లిన తొలి ఆషాఢం
నా సంచిలో మూడు గ్లాసులు:
రెండు కవలలు, ఒకటి సన్నగా పొడుగుది.

ఒకటో తరగతి సువార్తని పిలిచాను.
ఈ రెంటిలో నీళ్లు సమానమేనా?
"సమానమేనండి."
ఒకదాన్ని పొడుగు గ్లాసులోకి వంచాను.
ఇప్పుడో?
నా మొహంకేసి చూసింది, నీళ్లకేసి కాదు.
"ఇందులో ఎక్కువండి."
అచ్చం పుస్తకంలో ఉన్నట్టే!
దాని పేరు పక్కన మెట్టు నెంబరు వేసి
కింద ఎర్రసిరాతో గీత కూడా కొట్టాను.

శ్రావణంలో ఎర్రనీరొచ్చింది.
బడికి సెలవు. రిజిస్టరు తడుస్తుందని నేను వెళ్లాను.
బోరింగు మునిగింది, మంచినీళ్లు పడవలో వచ్చాయి.
రేవులో సువార్త
బిందెలోంచి తపేలాలోకి,
తపేలాలోంచి రెండు సీసాల్లోకి
చుక్క ఒలక్కుండా వంచుతోంది.
"తగ్గాయేమే?" అంది వాళ్ల మామ్మ.
"తపేలా వెడల్పు మామ్మా, నీళ్లు అవ్వే"
తలైనా ఎత్తలేదు.

తడిసిన కుచ్చిళ్లతో అక్కడే నిలబడిపోయాను.
మరి ఆవేళ బళ్లో అలా చెప్పావేం?
"మీరు రెండోసారి అడిగారు కదండి.
మొదటిది తప్పేమో అనుకున్నా."

సాయంత్రం పడవ ఆలస్యం.
రేవు మెట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.
పొద్దున పదకొండు, ఇప్పుడు నాలుగు.
మిగతా ఏడూ
ఎక్కడికీ పోలేదు.

పుస్తకం పారేయలేదు నేను.
చాలాసార్లు దాని మాటే నెగ్గుతుంది:
ప్రసన్నబాబు ఇప్పటికీ
విరిచిన బిస్కట్టు రెండయిందని గెంతుతాడు.
వాడికి విరిచే ఇస్తాను.

కానీ ఇప్పుడు
ఒకసారే అడుగుతాను.
అడిగి, చేతులు కట్టుకుని,
బయట కొబ్బరిమట్ట ఊడిపడేదాకా ఆగుతాను.
తప్పక మళ్లీ అడగాల్సొస్తే ముందే చెబుతాను:
తప్పని కాదమ్మా,
నాకే సరిగ్గా వినపడలేదు.

"అయితే దగ్గరకి రండి టీచర్"
అంది సువార్త,
బల్ల మీద కాస్త పక్కకి జరిగి.