ఇరవై ఏడో నంబరు

స్టేషన్ రోడ్డు యాకూబ్ దగ్గర
సెకండ్ హ్యాండ్ల కొన్న డబ్బ ఇది.
మూడు మీటలు, అరచేతి మందం అద్దం,
అద్దంల ఎర్రటి అంకెలు.
నడిమి మీటకు టోపీ ఊడిపోతే
బాల్‌పెన్ను మూత తొడిగిన.
"ఇండ్ల వంద గదులున్నయ్ భయ్యా" అన్నడు అమ్మేనాడు,
పెద్ద హాలు, చిన్న హాలు, చర్చి, గుహ,
రేకు, స్ప్రింగు.
మా పరకాల దిక్కు గుహలెక్కడియి?
అయినా కొన్న.
గొంతులకు గదులు కిరాయికిచ్చే పని నాది.

ఆ రాత్రి నడికూడల మల్లన్న పట్నం.
పసుపు, పిండి, ఆకుపొడి
గీతల మీద ఇంకా ఎవరి అడుగూ పడలేదు.
ఓదెలు గజ్జెలు బిగించుకొని మైకు ముందుకొచ్చి
ఒక్క రాగం తీసి ఆగిండు.
"పిలగా, నా గొంతు బాయిల పడ్డది. తియ్యి."

రెండు పాయింటు ఎనిమిది సెకండ్లు
ఒకటి పాయింటు తొమ్మిదికి దించిన.
"ఇప్పుడు?"
"రొమ్ము మట్టుకున్నయ్ నీళ్ళు."
ఒకటి పాయింటు రెండు.
"మోకాళ్ళ మట్టుకు."
పాయింటు ఆరు.
"పాదాలు తడుస్తున్నయ్.
సరే, ఉండనియ్యి, ఎండకాలమాయె."
డోలు కొట్టేటాయన నవ్విండు. కథ మొదలైంది.

అద్దుమరేత్రి దాటినంక
కథల అక్క అడివిల తమ్ముణ్ణి వెతుక్కుంటది.
"తమ్మీ" అని పిలుస్తది.
అక్కడ ఓదెలు ఆగుతడు.
ముప్పై ఏండ్ల నుంచి అక్కడ్నే ఆగుతడు.
డోలు ఆగుతది, తాళం ఆగుతది,
చంకల పిల్లను సముదాయించే చెయ్యి సుత ఆగుతది.
ఆ జాగల
నా డబ్బ మాట్లాడింది
మ్మీ... మ్మీ... మీ...
మూడు వందల ఎనభై మిల్లీసెకండ్లకోసారి,
లెక్క తప్పకుండ.

ఓదెలు నా దిక్కు మర్రి చూసిండు.
కోపం లేదు.
మైకు మీద చెయ్యి పెట్టి మెల్లగ అన్నడు,
"ఆడ నేనే మాట్లాడ,
నీ డబ్బెందుకు మాట్లాడవట్టె?"

పెన్ను మూత పట్టి తిప్పిన.
ముప్పై. పదిహేను. నాలుగు.
సున్నా.

అక్క రెండోసారి పిలిచింది.
టెంటు ఎనుక, మూతబడ్డ రైస్ మిల్లు గోడ
ఆ పిలుపును పట్టుకొని
కొంచెం ఆలస్యంగ, కొంచెం ఊకవాసనతోటి
వాపసు పంపింది. ఒక్కసారే.
ముంగట కూసున్న ముసలామె
తల తిప్పి చీకట్లకు చూసింది.
ఎన్ని మిల్లీసెకండ్లో కొలుద్దామని
నా చెయ్యి మీట దాకపోయి ఊకున్నది.

తెల్లారగట్ల ఆ సున్నాలన్నీ
ఇరవై ఏడో నంబరుల దాచిన.
పేరడిగింది డబ్బ. ఇంగిలీషు అక్షరాలే ఉన్నయ్,
ఎనిమిదికి మించి పట్టయ్.
మిల్లు గోడ అని ఎట్లనో ఇరికించిన.

మొన్న హనుమకొండల ఒక ఫంక్షన్ హాలు.
అద్దాల తలుపులు, ఏసీ, గోడలకు మెత్తటి గుడ్డ.
పెండ్లికొడుకు మేనమామ వచ్చి
"నడికూడల కొట్టినవట గదా, ఆ సౌండే కావాలె" అన్నడు.
ఇరవై ఏడు నొక్కిన.
ఏమీ రాలేదు.
ఎట్లొస్తది?
పెద్ద హాలుల నిలబడి
పెద్ద హాలు మీట తిప్పిన.
మేనమామ బొటనవేలు లేపిండు.

బిల్లుల "ఎకో: మూడు వందలు" అని రాసిన.
నడికూడ బిల్లుల సుత అదే రాసిన.
మిల్లు గోడకు ఇయ్యాల్సింది
ఇంకా నా దగ్గర్నే ఉన్నది.