అడ్డం ఏడు, మూడక్షరాలు

శనివారం, ఆఖరు పీరియడ్.
హసన్‌నగర్ సర్కారు బడి, ఆరో తరగతి.
గాలి ఇటు మళ్ళితే జూపార్కు సింహం
దగ్గినట్టు వినిపిస్తుంది.
ఎవరూ తల తిప్పరు,
ఆటో హారన్‌కు తిప్పనట్టే.

నల్లబల్ల మీద గళ్ళు గీస్తాను.
స్కేలు లేదు, చీపురుపుల్లే కొలత.
గడికో అక్షరం.
ఒత్తుకు వేరే ఇల్లుండదు,
తల్లి అక్షరం కిందే పడుకుంటుంది.
ఈ ఒక్క మాట ఎక్కించడానికే
నాకు రెండు వారాలు పట్టింది.

అడ్డం ఒకటి, నాలుగు గళ్ళు:
బట్ట కాదు, మేక కాదు, ఎగురుతుంది.
నౌషీన్ లేచింది:
"కప్డే కీ బక్రీ, టీచర్?"
నవ్వులు ఆగాక బొమ్మ చూపించాను.
గడ్డిలోంచి నిక్కిన పొడుగు మెడ, బట్టమేక.
ఎన్ని మిగిలాయని అడిగారు.
ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టినా
మన బడి హాజరుపట్టీ సగం నిండదన్నాను.
"పేర్లు మేం పెడతం" అన్నాడు ఇందల్.

ఆ చివరి 'క' పట్టుకుని
నిలువుగా దిగింది కలివికోడి,
ముళ్ళపొదల మధ్య రాత్రిపూట నడిచే
ఐదక్షరాలు.
దాన్ని నేనూ చూడలేదు.
చూశానన్నవాళ్ళు కూడా
నాకు ఇంతవరకు తగల్లేదు.

తర్వాత కలగాపులగం.
దు, రా, బం. సరిచేసి రాయండి.
ఇందల్ చాక్‌పీసు లాక్కుని
పెద్దగా రాశాడు: బందురా!
క్లాసంతా బల్లలు చరిచింది.
ఈ ఊళ్ళో బందంటే సెలవే కదా.
తప్పు పెట్టబోయి ఆగాను.
అవే మూడక్షరాలు,
ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.
బయట చికెన్ దుకాణాల మీద
గద్దలు తిరుగుతున్నాయి.
వాటిలో అది లేదు.
సగం మార్కు వేశాను.

అడ్డం ఏడు, మూడు గళ్ళు:
ఒళ్ళంతా పెంకులు, తిండి చీమలు,
భయమేస్తే బంతవుతుంది.
ఎవరికీ రాలేదు.
సరే, ఇంకో ఆధారం:
చాక్లెట్ ఇవ్వకపోతే అమ్మ మీద మీరు చేసేది.
"అలుగుడు!" అని ముప్పై గొంతులు.
గళ్ళు మూడే. 'డు' తీసెయ్యండి.

గిన్నెలు కడుక్కుని పోతున్న వంట బుచ్చమ్మ
కిటికీ దగ్గర ఆగింది.
"అలుగంటే గది గాదు బిడ్డా.
చెర్వు నిండి పొర్లే జాగ.
మా అలుగు దుంకితే
చాపలు ఎదురెక్కుతుండె,
కొంగు పట్టి వడుకుతుంటిమి."
ఎక్కడ, ఎక్కడ అన్నారు పిల్లలు.
తడిచేత్తో గోడ అవతలికి చూపింది:
"గిప్పుడు పిల్లర్ నంబర్లున్నయ్ సూడు, ఆడ."

ఒకే మాట.
ఒక అర్థాన్ని పొలుసుల కోసం
గోనెసంచుల్లో కుక్కుతున్నారు.
ఒక అర్థం మీద ఐదంతస్తులు లేచాయి.
మిగిలింది మూతి ముడుచుకునే మీరే.
ఇది బోర్డు మీద రాయలేదు.

వెనక బెంచీ నుంచి తిరుమలేశ్,
ఏడాదంతా నోరు విప్పనివాడు, అడిగాడు:
"జంతువు మొత్తం అయిపోతే
దాని గళ్ళు నల్లగా పూస్తరా, టీచర్?"

చేతికంటిన సుద్ద దులుపుకున్నాను.
మళ్ళీ దులుపుకున్నాను.
గంట కొట్టారు. వాళ్ళు పరుగెత్తారు.
నేను మాత్రం తుడిచే గుడ్డ పట్టుకుని
చాలాసేపు నిలబడ్డాను.

సోమవారం నా బల్ల మీద
బేకరీ బిల్లు వెనక గీసిన మూడు గళ్ళు.
నౌషీన్ చేతిరాత, వంకర గీతలు.
ఆధారం:
"మా నానీ ఇంట్ల అద్దంలో
తనను తానే పొడుసుకునేది.
ఇప్పుడు అద్దం ఉంది."
మధ్య గడి తనే నింపింది: చ్చు.
ఒత్తు బుద్ధిగా తల్లి కిందే పడుకుంది.

జవాబు నాకు తెలుసు.
పెన్ను మూత తీశాను గానీ,
ఇంకా నింపలేదు.